బొగ్గుకు పట్టాలు, మనకు సర్వేలు

కొన్నేండ్ల కింద రైలు టికెట్ల మీద ఒక మాట అచ్చేసి జనం చేతిలో పెట్టిండ్రు. మీ ప్రయాణపు ఖర్చులో 43 శాతం ఈ దేశపు సామాన్య పౌరులు భరిస్తున్నారని మీకు తెలుసా, అని. పైసలు పెట్టి టికెట్టు కొన్న మనిషిని పట్టుకొని, నువ్వు పరాయి సొమ్ము తింటున్నవ్ అని చెప్పుడన్నట్టు. ఆ తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటులోనూ అదే పాట పాడిండు, ప్రతి ప్రయాణికునికి సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నమని.

మేము అడిగేది చిన్న ప్రశ్న. ఆ భరించే సామాన్య పౌరుడు ఎవరు? ఓదెలలో, కొలనూరులో, రేచిని రోడ్డులో ప్యాసింజర్ కోసం గంటలు గంటలు కూసునే మనిషి సామాన్యుడు కాడా? జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి పక్కన సద్దిమూట మీద కూసొని పోయే అవ్వ ఈ దేశపు పౌరురాలు కాదా? వాళ్లను ఒక దిక్కు నిలబెట్టి, సామాన్యులను ఇంకో దిక్కు నిలబెట్టే ఈ లెక్క ఎక్కడిది? ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు అన్నోళ్ల లెక్కే ఇది. వేషం మార్చుకొని టికెట్టు మీదికి ఎక్కింది.

ఈ పత్రికలో రైలు గురించి రాసుడేంది, కూలి రేట్ల గురించి, హాస్టళ్ల గురించి రాయాలె గదా అని కొందరు మిత్రులు అన్నరు. హాస్టలుకు పోయే పిల్లగాడు ఏదెక్కి పోతున్నడు? కూలికి పోయే మనిషి ఏ అడ్డా మీదికి ఏ బండ్ల పోతున్నడు? దవాఖానకు వరంగల్ పోవాలంటే, యూనివర్సిటీకి హనుమకొండ పోవాలంటే, బాసర ట్రిపుల్ ఐటీకి పోవాలంటే దారి ఏది? కారున్నోనికి రైలు ముచ్చట అక్కర లేదు. మనకు అక్కర.

ముందుగాల నష్టం సంగతి చూద్దాం. రైల్వేకు ప్యాసింజర్ బండ్ల మీద నష్టం వస్తున్నదని, ఆ నష్టాన్ని గూడ్సు బండ్ల లాభంతో పూడుస్తున్నరని కాగ్ ఏండ్ల తరబడి రాస్తున్నది. అదేదో తప్పు జరుగుతున్నట్టు రాస్తున్నది. సరే, గూడ్సు బండ్ల ఏం పోతున్నది? ఈ దేశంలో రైల్వే మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే. ఆ బొగ్గు ఎక్కడిది? గోదావరిఖనిది, మందమర్రిది, బెల్లంపల్లిది. మనూరి కింద ఉన్నది, మన చేన్ల కింద ఉన్నది. దాన్ని తవ్వింది ఎవరు? తట్ట నెత్తిన పెట్టుకొని బాయిలకు దిగిన మాల మాదిగలు, ఊర్లు పోగొట్టుకున్న గోండు, నాయకపోడు జనం, వృత్తులు చెడిన బహుజన కులాలు. ఆ బొగ్గుతో రామగుండంలో ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల కరెంటు తీసి పలు రాష్ట్రాలకు పంపింది. బొగ్గు మోసిన కిరాయితో రైల్వే పెట్టె నిండింది. నిండిన పెట్టెలోంచి చారాణా తీసి మన ప్యాసింజర్‌కు పెడితే దాన్ని రాయితీ అంటున్నరు! మా లెక్కల్నయితే అది బాకీ. తీర్చాల్సిన బాకీలో పిడికెడు తీర్చి, దానం చేసినమని టికెట్టు మీద అచ్చేసుకున్నరు.

చదువుకున్నోళ్లు ఒక మాట అంటరు. గూడ్సు కిరాయి పెంచి ప్యాసింజర్ నష్టం పూడిస్తే సరుకు లారీలకు మళ్లుతది, కరెంటు పిరమవుతది, చివరికి పేదోని మీదనే పడుతది అని. ఆ మాటలో కొంత నిజం ఉన్నది, మేము కొట్టి పారేస్తలేము. కాని ఆ నిజం వాళ్లకు జనరల్ పెట్టెను చూసినప్పుడే ఎందుకు యాదికొస్తది? కాగ్ లెక్కల్లోనే కొన్ని ఏండ్లు ఫస్ట్ ఏసీ కూడ నష్టంలో ఉన్నది. ఫస్ట్ ఏసీల పోయే దొరను ఎవరన్న పట్టుకొని, అయ్యా నీ దిండుకు, నీ దుప్పటికి సామాన్యుడు పైసలు కడుతున్నడని మొఖం మీద అన్నరా?

ఇగ పట్టాల కథకు వద్దాం. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను నిజాం జమానాలో, 1929 నాటికి పూర్తయింది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు. ఉత్తర దక్షిణాలను కలిపే లైను, బొగ్గు మోసే లైను. దాదాపు వందేండ్లయింది. ఇయ్యాల ఆ లైను మీద 201 కిలోమీటర్ల మూడో పట్టా, 2,063 కోట్ల అంచనాతో, 2015–16లో మంజూరయింది. మంచిదే. పట్టాలు చాలక మన ప్యాసింజర్‌ను లూపు లైన్ల పెట్టి గూడ్సును, సూపర్‌ఫాస్టును ముందుకు పంపుడు మనం పుట్టిన కాడి నుంచి చూస్తున్నం. మూడో పట్టా వస్తే ఆ బాధ తీరాలె. కాని తీరుతదని రాసిచ్చినోడు లేడు. కొత్త పట్టా మీద ఇన్ని ప్యాసింజర్లు పెంచుతం, ఇన్ని చిన్న స్టేషన్లలో ఆపుతం అని ఒక్క కాయితం మీద చూపించుండ్రి అని అడుగుతున్నం.

ఇంకో లైను చూడుండ్రి. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిజామాబాద్, 177 కిలోమీటర్లు. 1993–94లో మంజూరయింది. అప్పుడు ప్రధానమంత్రి ఎవరు? పి.వి. నరసింహారావు. కరీంనగర్ జిల్లా వంగర మనిషి. సొంత జిల్లా మనిషి ఢిల్లీ గద్దె మీద కూసున్నడు గదా, ఇగ రైలు వచ్చినట్టే అనుకున్నరు జనం. జగిత్యాల దాకా బండి వచ్చేటాలకు 2007 అయింది. నిజామాబాద్‌ల కలిసేటాలకు 2017 మార్చి అయింది. ఇరవై నాలుగేండ్లు! లైను మంజూరైన నాడు పుట్టిన పిల్లకు పెండ్లయి పిల్లలు పుట్టిండ్రు. ఏటా బడ్జెట్టుల ఇంత మెతుకు, ఇంత చారు విదిలించుకుంట, ఒక ఏడు అదీ లేకుంట, ఇరవై నాలుగేండ్లు సాగదీసిండ్రు. సాగదీసిన కొద్ది ఖర్చు పెరిగింది. పెరిగిన ఖర్చు చూపించి మళ్ల అదే మాట, ఈ లైను గిట్టుబాటు కాదని.

దీని పక్కన పెట్టి చూడాల్సింది భద్రాచలం రోడ్–సత్తుపల్లి లైను. 54 కిలోమీటర్లు. దాదాపు 930 కోట్ల ఖర్చు, అందుల 618 కోట్లు సింగరేణి పెట్టింది. ఎందుకంటే సత్తుపల్లిల బొగ్గు బాయిలున్నయి. పైసలు దొరికినయి, పని ఉరికింది, 2022లో బొగ్గు బండ్లు నడిచినయి. అదే ఏడు నవంబరు 12న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేసిండు. ఎక్కడి నుంచి? మన రామగుండం నుంచి. బొగ్గుకు తొవ్వ కావాలంటే డబ్బు ఉన్నది, ఇంజినీర్లు ఉన్నరు, ప్రధాని ఉన్నడు. మనుషులకు తొవ్వ కావాలంటే మాత్రం సర్వే.

సర్వే అంటే యాదికొచ్చింది. కరీంనగర్ నుంచి హసన్‌పర్తికి లైను వేస్తే హుజూరాబాద్ జనం సూటిగ కాజీపేట చేరుతరు. ఇప్పుడు కరీంనగర్ మనిషి రైలుల కాజీపేట పోవాలంటే పెద్దపల్లి తిరిగి పోవాలె. సర్వే చేసిండ్రు, మళ్ల చేసిండ్రు. ఆర్మూరు నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు లైను అన్నరు. ప్రతి ఎన్నికలకు ఆ సర్వే రాళ్లు మళ్ల లేస్తయి, గెలిచినంక మళ్ల పంటయి. నిర్మల్ జిల్లా కేంద్రమయి కూడ ఇంతవరకు పట్టణంలోకి రైలు రాలేదు.

ఆదిలాబాద్ సంగతైతే చెప్పుకుంటే సిగ్గు. ఆదిలాబాద్‌ల కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోయే మనిషి ముందు రాష్ట్రం దాటి మహారాష్ట్రకు పోవాలె. కిన్వట్, భోకర్, ముద్‌ఖేడ్, ధర్మాబాద్ తిరిగి, బాసర దగ్గర మళ్ల తెలంగాణలకు వచ్చి గోదావరి దాటాలె. రోడ్డు మీద 300 కిలోమీటర్లుండే రాజధానికి రైలుల వంద కిలోమీటర్లకు పైగ చుట్టు. పాత ఆదిలాబాద్ జిల్లాల తూర్పున ఉన్న మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్‌కు, పడమట ఉన్న ఆదిలాబాద్‌కు మధ్య సూటి రైలే లేదు. ఆ పాలన వేరు, ఈ పాలన వేరు అంటరు గాని ఈ ఒక్క విషయంల నిజాము, కాంగ్రెసు, తెలుగుదేశం, టీఆర్ఎస్, బీజేపీ అందరిదీ ఒకటే తీరు. అడివిల ఉన్న కర్ర, బొగ్గు బయటికి పోవాలె. అడివిల ఉన్న మనిషి అక్కడ్నే ఉండాలె.

ఎందుకు వేయరు అంటే, రాబడి రాదు అంటరు. కొత్త లైను వేయాలంటే పెట్టిన పైసల మీద ఏటా 14 శాతం రాబడి రావాలని చాలా ఏండ్లు రైల్వే ఒక నిబంధన పెట్టుకున్నది. షావుకారి మిత్తి లెక్క! ఉట్నూరు, నిర్మల్ దిక్కు బీడీలు చుట్టే ఆడోళ్ల మీద, పత్తి ఏరే కూలీల మీద 14 శాతం ఎట్ల వస్తది? రాదు. వెనుకబడ్డ జాగాల రాబడి రాదు, రాబడి రాదు గనుక రైలు రాదు, రైలు లేదు గనుక వెనుకబాటు పోదు. గింత సులువైన సంగతి ఢిల్లీల పెద్ద చదువులు చదివినోళ్లకు తెలువదా? తెలుసు. అందుకే అహ్మదాబాద్–ముంబై బుల్లెట్ రైలుకు 508 కిలోమీటర్లకు లక్షా 8 వేల కోట్ల అంచనా వేసినప్పుడు దేశ గౌరవం అన్నరు, జపాను నుంచి అప్పు తెచ్చిండ్రు. కిలోమీటరుకు 212 కోట్లు పడ్డది. మన మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 151 కిలోమీటర్లకు 1,160 కోట్లు, కిలోమీటరుకు ఎనిమిది కోట్లు కూడ పడలేదు. మీ పిల్లలతోని లెక్క కట్టించుండ్రి. మంజూరైన నాటి అంచనాలు తీసుకుంటే, బుల్లెట్ రైలుకు ఒక్క కిలోమీటరు వేసే పైసలతోని మనకు ఇరవై ఏడు కిలోమీటర్లు పడుతది.

ఆ మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల ప్రధాని పునాదిరాయి వేసిండు. గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కన కొత్తపల్లిల కలిసే లైను. 2023 అక్టోబరు 3న సిద్దిపేట దాకా బండి నడిచింది. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గానికి ముందు వచ్చిందని కొందరు అంటరు. లైను అటు దిక్కు నుంచి మొదలైంది గనుక ముందు అక్కడికే వస్తది, అందుల తప్పు పట్టేదేం లేదు. మేము తప్పు పట్టేది ఒప్పందాన్ని. ఆ లైనుకు రాష్ట్రం మూడో వంతు ఖర్చు పెట్టుకోవాలె. భూమి ఉచితంగ ఇయ్యాలె. బండి నడిచినంక ఐదేండ్ల దాకా నష్టమొస్తే రాష్ట్రమే భరించాలె. పట్నంల ఎంఎంటీఎస్ రెండో దశకు మూడింట రెండు వంతులు రాష్ట్రం పెడ్తనన్నది. వాటా సొమ్ము కాడ లొల్లి అయి ఆ పని ఏండ్లు సాగింది. రెండు తాళాలు వేసిన పెట్టె ఇది. ఢిల్లీ తాళం తీస్తే హైదరాబాద్ తియ్యది, హైదరాబాద్ తీస్తే ఢిల్లీ తియ్యది. పైసలున్న రాష్ట్రం రైలు కొనుక్కుంటది, లేని రాష్ట్రం చూస్త కూసుంటది. రైలు దేశానిది అన్నప్పుడు ఈ వాటాల బేరం ఏంది?

అన్నిటికన్న ఆ "ఉచిత భూమి" అన్న మాట దగ్గర ఆగాలె. రాష్ట్రానికి ఉచితమట. ఆ భూమి ఎవరిది? ఊర్లల్ల పట్టా ఎటు పోవాలో గీత గీసేటప్పుడు ఎవరి చెలకల నుంచి గీస్తరో మనకు ఎరుకే. దొర తోట తప్పుతది, లావుణి పట్టా భూమి తప్పదు. అసైన్డు భూమి పోతే పట్టా భూమితోని సమానంగ పరిహారం ఇయ్యాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 చట్టం ఇంకింత హక్కు ఇచ్చింది. కాని కాయితం ఉన్నోనికి గదా హక్కు! తాత నుంచి సాగు చేసుకుంట ధరణిల పేరు ఎక్కనోనికి, కాస్తు కాలంల పేరు లేనోనికి ఏం పరిహారం? రైలు కావాలె అని మనం కొట్లాడుడు ఎంత నిజమో, మా ఎకరం గుంజుకొని నీ బండి నడుపుతనంటే ఊకోము అనుడు కూడ అంతే నిజం. రెండూ ఒక్క నోటితోనే అనాలె.

ఉన్న బండ్ల సంగతి కూడ చెప్పుకోవాలె, ఎందుకంటే కొత్త లైను పదేండ్ల ముచ్చట, ఉన్న బండి రేపటి ముచ్చట. 2020 మార్చిల కరోనా అని బండ్లన్నీ బంద్ పెట్టిండ్రు. పెట్టాల్సిందే. మళ్ల నడిపినప్పుడు ఏం చేసిండ్రు? ప్యాసింజర్‌కే స్పెషల్ అని పేరు పెట్టి, 10 రూపాయల కనీస టికెట్టును 30 చేసిండ్రు. అదే పెట్టె, అదే బల్ల. రోజూ పోయి వచ్చే అడ్డా కూలికి 20 రూపాయలయ్యే కాడ 60 అయింది. నెలకు ఇరవై ఆరు రోజులు పోతే 1,040 రూపాయలు ఎక్కువ. 2024 ఫిబ్రవరిల, పార్లమెంటు ఎన్నికలు దగ్గర పడ్డంక, మళ్ల పదికి దించిండ్రు. నడుమ గుంజుకున్నది ఎవరు తిరిగి ఇచ్చిండ్రు? ముసలోళ్ల రాయితీ కూడ అదే 2020 మార్చిల ఎత్తేసిండ్రు. కొత్త టైం టేబులు పేరు మీద చిన్న స్టేషన్ల ఆగుడు తీసేసిండ్రు, జనం ఎక్కుతలేరని. బండి ఆపకపోతే జనం ఎట్ల ఎక్కుతరు?

2024 సెప్టెంబరుల నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ వచ్చింది, మన లైను మీదనే. ఇరవై పెట్టెలు, అందుల జనరల్ పెట్టె ఒక్కటి లేదు. జనం నిండక 2025 ఫిబ్రవరిల ఎనిమిది పెట్టెలకు తగ్గించిండ్రు. తగ్గించుడు మంచి పనే. మాకు నేర్చుకునేది ఇందుల ఒకటున్నది. ఉన్నోల్ల బండి ఖాళీగ పోతే పెట్టెలు తగ్గించి నడుపుతరు. పేదోళ్ల బండి ఖాళీగ పోయిందంటే బండినే బంద్ పెడుతరు. మన నాయకులకు కూడ వందే భారత్ ఆగుడు తేవాలనే యావ ఉన్నంత ప్యాసింజర్ పెంచాలన్న యావ లేదు. కొబ్బరికాయ కొట్టి జెండా ఊపి ఫోటో దిగేటందుకు ప్యాసింజర్ ఏం పనికొస్తది!

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది గదా, ఇంకా రైలెందుకు అంటున్నరు కొందరు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి అమలైనంక బస్సులు ఎట్ల కిక్కిరిసినయో చూసినం. అంతకుముందు ఆ ఆడోళ్లకు పనులు లేకనా, పుట్టిల్లు లేకనా, దవాఖాన అక్కర లేకనా పోకుండిరి? చేతిల పైసలు లేక పోలేదు. ప్యాసింజర్‌కు గిరాకీ లేదన్నోనికి ఇదే జవాబు. బస్సు ముంబైకి రాదు, భీవండికి రాదు. జగిత్యాల, కోరుట్ల దిక్కు నుంచి వలస పోయేటోళ్లు ప్రైవేటు బస్సులకు వేలు పోస్తున్నరు. కరీంనగర్ నుంచి ముంబైకి రోజూ నడిచే బండి లేదు. కరీంనగర్ యార్డుల మాత్రం మన గుట్టలు గ్రానైటు బండలై వ్యాగన్లెక్కి కాకినాడ ఓడరేవుకు పోయినయి. గుట్టకు బండి దొరికింది, గుట్ట కింది మనిషికి దొరకలే.

నిజామాబాద్‌ల బండెక్కి నాందేడ్, ఔరంగాబాద్ దాటితే మన్మాడ్ వస్తది. 1938 ఫిబ్రవరిల బాబాసాహెబ్ అక్కడ రైల్వేల పని చేసే అంటరాని కార్మికుల సభల మాట్లాడిండు. కార్మికునికి శత్రువులు ఇద్దరని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండు పెట్టుబడిదారీ విధానమని చెప్పిన సభ అదే. మనోళ్లు రైల్వేల గ్యాంగ్‌మన్లుగనే మిగిలిపోతున్నరని, పోర్టరు పని కూడ ఇయ్యరని, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్ల కూడ పని చేయాలె గనుక అంటరానోన్ని పెట్టుకోరని విడమరచి చెప్పిండు. ఆనాటి నుంచి పట్టాలు మోసింది మనం, కంకర కొట్టింది మనం, పెట్టెల నుంచి పట్టాల మీద పడ్డ పెంట ఎత్తింది మనం. పాకీ పని నిషేధం మీద సుప్రీంకోర్టు 2014 మార్చిల ఇచ్చిన తీర్పుల రైల్వే పేరు కూడ ఎత్తి చెప్పాల్సి వచ్చింది. రైల్వేకు రావాల్సిన లాభనష్టాల లెక్కల ఈ పద్దు ఎక్కడన్న ఉన్నదా?

సంఘాల మిత్రులారా, అర్జీ రాసేటప్పుడు "మా ఊరికి రైలు కావాలె" అని ఊకె రాయకుండ్రి. ఏ స్టేషన్ల ఏ బండి 2020కి ముందు ఆగేది, ఇప్పుడు ఆగుతలేదో రాయుండ్రి. ఊరికి ఎంతమంది, ఏ టైముకు, ఎక్కడికి పోతున్నరో ఇల్లిల్లు తిరిగి రాయుండ్రి. బడిపిల్లలను, ఆడోళ్లను, దవాఖానకు పోయేటోళ్లను వేరువేరుగ చూపించుండ్రి, ఎందుకంటే ఎక్కేటోళ్లు లేరనే మాటకు అదే దెబ్బ. పెద్దపల్లి, కరీంనగర్, మంచిర్యాల వాళ్లు సికింద్రాబాద్ డివిజనుకు పంపాలె. ఆదిలాబాద్ వాళ్లది నాందేడ్ డివిజను, ఆ కాయితం మహారాష్ట్రకే పోవాలె. రైలు వినియోగదారుల సలహా సంఘాలని ఉంటయి. అందుల మీ దిక్కు నుంచి ఎవరు కూసున్నరో, వాళ్లు ఎన్నడన్న జనరల్ పెట్టె ఎక్కిండ్రో లేదో సమాచార హక్కు కింద అడుగుండ్రి. మీరు రాసిన లెక్క ఒక ప్రతి గ్రామసభల చదివి తీర్మానం చేయించుండ్రి, ఇంకో ప్రతి మన పత్రికకు పంపుండ్రి. ఏ స్టేషన్ లెక్క ముందు వస్తే అది వచ్చే సంచికల వేస్తం.